సైన్సులో ఇరవైకి ఇరవై... ప్రయోగశాల బీరువాకు తాళం

నల్లగొండ: పదో తరగతి పిల్లలకు బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులు ఉంచాలా, తీసివేయాలా అన్న వాదన ఎడతెగకుండా సాగుతున్నది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ మార్కులను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. వెంటనే దానిని సవరించి, ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంటుందని, రద్దు మరుసటి ఏటి నుంచి అమలవుతుందని చెప్పింది. తీరా 2025 ఆగస్టు వచ్చేసరికి, 2025-26లో కూడా 20 మార్కులు బడిలో, 80 మార్కులు పరీక్షలో అని మళ్లీ నిర్ణయం వెలువడింది. ఉత్తర్వులు అటూ ఇటూ తిరిగాయి గాని, ఆ ఇరవై మార్కులు అసలు ఎందుకు పుట్టాయో, పల్లెటూరి బడిలో వాటికి ఏ గతి పట్టిందో తల్లిదండ్రులకు విడమరచి చెప్పినవారు లేరు.

బడి మీటింగుకు వచ్చిన తల్లిదండ్రులు అడిగే మాట ఒక్కటే. "సారూ, మా పిలగానికి ఎన్నొచ్చినయి?" ఎన్ని వచ్చాయో సారు చెబుతారు. ఎలా వచ్చాయని అడిగినవారు లేరు, చెప్పిన సారూ లేరు.

ఇరవై మార్కుల పుట్టుక

2009 విద్యాహక్కు చట్టం పిల్లల చదువును ఏడాది పొడవునా, అన్ని వైపుల నుంచి చూసి అంచనా కట్టాలని చెప్పింది. దీనికే నిరంతర సమగ్ర మూల్యాంకనం అని పేరు. మూడు గంటల పరీక్షలో బట్టీ పట్టినది కక్కివేయడం చదువు కాదనీ, ముఖ్యంగా సైన్సులో పిల్లవాడు చేతితో చేసినదానికి, కంటితో చూసినదానికి, నోటితో అడిగినదానికి కూడా విలువ ఉండాలనీ దాని ఉద్దేశం. ఆ దారిలోనే 2014-15 విద్యా సంవత్సరం నుంచి పదో తరగతిలో కూడా 80-20 పద్ధతి వచ్చింది. ఆ ఇరవై నాలుగు భాగాలు. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు ఐదు, రాతపనులకు ఐదు, ప్రాజెక్టు పనికి ఐదు, లఘు పరీక్షకు ఐదు. సైన్సులో మొదటి భాగం కింద ప్రయోగాలు, వాటి రికార్డు కూడా వస్తాయి.

కాగితం మీద చూస్తే ఇంతకన్న మంచి పద్ధతి ఉండదు. ఆచరణలో ఏమైందో జిల్లాలో ఏ ఊరి పదో తరగతి పిల్లవాడిని కదిలించినా చెబుతాడు. ప్రాజెక్టు జిరాక్సు షాపులో దొరుకుతుంది. రికార్డు నిరుటి అన్నయ్య దగ్గర దొరుకుతుంది. లఘు పరీక్ష ప్రశ్నలు ముందురోజే బోర్డు మీద కనిపిస్తాయి. ఇక మార్కులు ఇరవైకి ఇరవై, తప్పితే పందొమ్మిది.

ఇది గిట్టనివారి మాట కాదు. కరోనా వల్ల 2021లో పరీక్షలు రద్దయి, బడిలో వేసిన ఎఫ్.ఎ.-1 మార్కులనే పెంచి లెక్కకట్టి గ్రేడ్లు ఇచ్చినపుడు రాష్ట్రం మొత్తం మీద 5 లక్షల 21 వేల మంది పిల్లలలో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జి.పి.ఎ. వచ్చింది. 2019లో మామూలుగా పరీక్ష జరిగినపుడు అదే పదికి పది తెచ్చుకున్నవారు పది వేలకు లోపే. రెండేళ్లలో పిల్లల తెలివి ఇరవై రెట్లు పెరగలేదు కదా!

నేరం సార్లదేనని చేతులు దులుపుకోవడం సులభం. కాని వారి వైపు నుంచి కూడా చూడవలసి ఉంది. ఒక సారు నిజాయితీగా పద్నాలుగు వేశారనుకోండి. పక్క మండలంలో, పక్క ప్రైవేటు బడిలో అందరికీ ఇరవై పడుతుంటే, ఈయన తన ఊరి పిల్లలకే అన్యాయం చేసినవాడవుతారు. అధికారులు అడిగేది ఉత్తీర్ణత శాతం. ప్రయోగశాలలో గాజుసామాను పగిలితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పవలసింది కూడా ఆయనే. అందుచేత బీరువాకు తాళం వేసి, మార్కులకు తాళం తీశారు. అంతటి సమర్థతను ఎవరైనా ఆచరణజ్ఞానమనే అంటారేమో!

ప్రశ్నకు కూడా గైడు

అలాగని ఇరవై తీసివేసి నూటికి నూరూ రాతపరీక్షకే ఇస్తే సైన్సు వస్తుందా? ఆ 80 మార్కుల తీరు కూడా ఒకసారి చూడాలి. కొత్త పద్ధతి వచ్చినపుడు సైన్సు పుస్తకంలో విద్యా ప్రమాణాలు అని పెట్టారు. విషయం అర్థం కావడం, ప్రశ్నించడం-పరికల్పన చేయడం, ప్రయోగాలు-క్షేత్ర పరిశీలనలు, సమాచార సేకరణ, బొమ్మలు-నమూనాలు, నిత్యజీవితంలో వినియోగం వగైరా. ప్రశ్నించడం నేర్పాలని పరీక్షలో ఒక తరహా ప్రశ్న వచ్చింది. మూత్రపిండాల డాక్టరును కలిస్తే నీవు ఏయే ప్రశ్నలు అడుగుతావో రాయమంటారు. బాగానే ఉంది. మరుసటి ఏడాదికే గైడులలో ఆ ప్రశ్నలు అచ్చయి వచ్చాయి. డాక్టరును ఏమి అడగాలో పిల్లలు వరుస తప్పకుండా కంఠతా పట్టారు. బట్టీకి విరుగుడుగా పెట్టిన ప్రశ్నే బట్టీలోకి పోయింది.

ఒకసారి అడిగిన ప్రశ్న రెండోసారి అదే రూపంలో వస్తుందన్న నమ్మకం ఉన్నంతకాలం పిల్లవాడు ఆలోచించవలసిన పని లేదు. ఇంతవరకూ చూడని ప్రశ్న, తెలిసిన పాఠం నుంచి రావాలి. ఉదాహరణకు ఆమ్లాలు-క్షారాల పాఠమే తీసుకోండి. పసుపు సూచికగా పనిచేస్తుందని, క్షారంలో ఎర్రబడుతుందని అందరూ రాస్తారు. అది బట్టీకి అందుతుంది. "దిష్టి తీయడానికి అమ్మ పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. అందులో నిమ్మకాయ బాగా పిండితే రంగు ఏమవుతుంది? ఎందుకు?" అని అడిగితే గైడు పనిచేయదు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాయమన్నా ఫరవాలేదు. ఆలోచించినవాడు మళ్లీ పసుపుపచ్చ అవుతుందని రాస్తాడు, నిమ్మరసం ఆమ్లం కనుక సున్నపు గుణాన్ని అణచివేసిందని చెబుతాడు. ఇంటికి పోయి చేసి చూసినవాడు ఇంకా ధీమాగా రాస్తాడు.

పుస్తకం చూసి రాసే పరీక్షల మాట కొత్తదేమీ కాదు. సి.బి.ఎస్.ఇ. వారు 2014లో ఒక తరహాలో తెచ్చి కొద్ది సంవత్సరాలకే వదిలేశారు. మళ్లీ 2026-27 నుంచి తొమ్మిదో తరగతికి తేవాలని 2025లో నిర్ణయించుకున్నారు. పుస్తకం తెరిచినంత మాత్రాన బుర్ర తెరుచుకోదని వారి అనుభవమే చెబుతున్నది. మారవలసింది ప్రశ్న.

నీళ్ల గోడు, నీళ్ల పాఠం

మన జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడపోయడమే ఆ పద్ధతి. మన ఊరి పేరు విదేశాల సైన్సు పుస్తకాలలో ఉంది. మన ఊరి పిల్లవాడికి అది ఒక మార్కు బిట్టు.

మర్రిగూడ వైపు పల్లెల్లో గారపట్టిన పళ్లు, వంగిన నడుములు చూడని ఇల్లు లేదు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాక తాగునీటి మాట చాలావరకు మారింది. కాని నల్లా రాని రోజున, చేను దగ్గర, బోరు నీళ్లు తాగేవారు ఇప్పటికీ ఉన్నారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదు, వేరే దారి లేనిచోట ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు. గ్రామాల్లో నీటిని పరీక్షించే చిన్న కిట్లు ఉన్నాయి. నీటిలో మందు చుక్కలు వేస్తే రంగును బట్టి ఎంత ఉన్నదీ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరి ఆడవారికి వీటి వాడకంలో శిక్షణ కూడా ఇచ్చారు.

ఇక్కడొక ప్రశ్న. "ఒక ఇంట్లో బోరు నీళ్లను బాగా కాచి, గుడ్డలో వడపోసి తాగుతున్నారు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ. వారు చేస్తున్న పని సరైనదేనా?" మన పదో తరగతి పిల్లల్లో చాలామంది సరైనదే అంటారు. ఎందుకంటే నీళ్లు కాచి వడపోసి తాగాలని ఒకటో తరగతి నుంచి చదువుకున్నారు. కాచితే చచ్చేవి క్రిములు. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకపోతే ఎన్ని మార్కులు వచ్చినా ఆ ఇంటికి ఉపయోగం లేదు. ఫ్లోరోసిస్ అనగానేమి అన్న ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే, ఇంట్లో తాతకు నీళ్లు కాచి ఇచ్చి మంచిపని చేశాననుకుంటాడు.

తరగతిలోని నలుగురేసి పిల్లలు ఊరిలోని ఐదు బోర్లు, ఒక చేదబావి, ఒక నల్లా నీటిని ఆ కిట్టుతో పరీక్షించి, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి రాసి ఉంచితే అది ప్రాజెక్టు. రంగుల చార్టు మీద అతికించిన నీటిచక్రం బొమ్మకు ఐదు మార్కులు వేసే బదులు దీనికి వేస్తే ఎవరికి నష్టం?

బోరు పాయింటు లెక్క

నీళ్ల మాట వచ్చింది కనుక మరొకటి. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, వేపపుల్ల పట్టుకునో పాయింటు చూసేవారు మన పల్లెల్లో అందరికీ తెలుసు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లు పడతాయని నమ్మకం. అది మూఢనమ్మకమని సైన్సు సారు తరగతిలో చెబుతారు. ఇంటికి వస్తే నాన్న, "ఫలానావాళ్ల బోరు కాయ చూపిన చోటనే పడింది, రెండించుల నీళ్లు" అంటాడు. పిల్లవాడు బడిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట నేర్చుకుంటాడు. పరీక్షలో బడి మాట రాస్తాడు. రేపు తాను బోరు వేసేనాడు కొబ్బరికాయే పట్టుకుంటాడు.

సారు మాట నమ్మమనడం కూడా ఒక నమ్మకమే. శాస్త్రీయ దృష్టి ఎక్కడ మొదలవుతుందంటే, లెక్క రాయడంలో. ఊరిలో వేసిన ప్రతి బోరుకూ ఒక వరుస. ఏ ఏడాది వేశారు, పాయింటు చూసింది కొబ్బరికాయా, జియాలజిస్టా, సొంతంగా తోచినదా, ఎన్ని అడుగులు దించారు, నీళ్లు పడ్డాయా, ఈనాటికీ ఉన్నాయా. పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ఎండిన బోరు మీద రాయి పెట్టి మూసేస్తారు, దాని ఊసెత్తరు. పిల్లలు ఆ మూసిన బోర్లను కూడా లెక్కలోకి తేవాలి. అప్పుడు గాని కొబ్బరికాయ ఎన్నిసార్లు గెలిచింది, ఎన్నిసార్లు ఓడింది, తోచిన చోట వేసినవారికన్న అది ఏమైనా మెరుగా అన్నది తేలదు.

మన జిల్లాలో ఎక్కువ భాగం కింద గట్టి నల్లరాయి, గ్రానైటు. పైన మురిగిన పొరలోనో, రాతి పగుళ్లలోనో తప్ప నీరు నిలవదు. పగులు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్ము. ఇటువంటి చోట ఎవరు చూపినా కొన్ని పడతాయి, కొన్ని పడవు. పిల్లల పట్టికలో ఏమి తేలుతుందో ముందే చెప్పడం తగదు. ఒకవేళ ఒక ఊరిలో కొబ్బరికాయే గెలిచినట్టు తేలితే అలాగే రాయాలి. అప్పుడు సారు అడగవలసింది, "ఎన్ని బోర్ల మీద చెబుతున్నావు? పది బోర్లు చాలునా? పక్క ఊరిలో కూడా ఇంతేనా?" అని. మార్కులు పడవలసింది లెక్క రాసిన తీరుకు. తేలిన ఫలితం సారుకు నచ్చిందా లేదా అన్నది అక్కడ అనవసరం. ఒక్కొక్క ఎండిన బోరు ఒక రైతును ఎంత అప్పులోకి దించిందో తెలిసినవారికి ఈ పట్టిక విలువ వేరే చెప్పనక్కరలేదు.

మార్కుల విషయంలో ఇంకొక దోషం ఇక్కడే చెప్పాలి. మన బడుల్లో "తప్పిన" ప్రయోగానికి మార్కు లేదు. నీరు వంద డిగ్రీల దగ్గర మరుగుతుందని పుస్తకంలో ఉంది. బడి థర్మామీటరు తొంభై ఎనిమిది చూపింది. పిల్లవాడు పక్కవాడిని చూసి, పుస్తకాన్ని చూసి, వంద అని రాస్తాడు. నిజానికి సముద్రమట్టం నుంచి మూడు వందల మీటర్లు పైకి పోతే మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. థర్మామీటరులోనూ తేడా ఉండవచ్చు. తొంభై ఎనిమిది అని రాసి, ఎందుకయి ఉంటుందని అడిగిన పిల్లవాడే సైన్సు చేశాడు. మన రికార్డులలో వాడు తప్పు రాసినవాడు.

సర్కారు బడిలో అవుతుందా?

ఇవన్నీ చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి, సర్కారు బడిలో అయ్యే పనేనా అన్నది సార్ల సందేహం. అయింది. మన రాష్ట్రంలో కాదు, మధ్యప్రదేశ్‌లో. 1972లో హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు ప్రభుత్వ అనుమతితో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సును ప్రయోగాల ద్వారానే నేర్పడం మొదలుపెట్టాయి. బొంబాయి టాటా పరిశోధన సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పల్లెలకు వచ్చి సార్లతో కలిసి కూర్చున్నారు. 1978లో అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య అనే సంస్థ ఏర్పడి ఆ భారం ఎత్తుకున్నది. ఆ తరువాత పొరుగు జిల్లాలకు కూడా వెళ్లింది. ఆ జిల్లా పేరు 2022లో నర్మదాపురంగా మారింది.

అక్కడి పరీక్ష సంగతే మనకు ముఖ్యం. రాతపరీక్షకు పిల్లలు తమ పుస్తకం, తాము రాసుకున్న నోట్సు వెంట తెచ్చుకోవచ్చు. దానితోపాటు చేతితో ప్రయోగం చేసి చూపే పరీక్ష వేరుగా ఉండేది. పుస్తకంలో జవాబులు ఉండవు, చేయవలసిన పనులు, అడగవలసిన ప్రశ్నలు ఉంటాయి. కనుక పుస్తకం తెచ్చుకున్నా చూసి రాయడానికి ఏమీ లేదు. సార్లు నెలకొకసారి ఒకచోట కలిసి తమ తరగతిలో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు. ఒంటరిగా ఏ సారూ దీనిని మోయలేదు.

ముప్పై ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం నిలిపివేసింది. ఎనిమిది దాకా ఒక తీరు చదువు, ఆపై తరగతుల్లో పాత తీరు పరీక్ష. ఈ పొత్తు కుదరడం కష్టమే. కనుక ఒక్క ఎఫ్.ఎ. మార్చి, 80 మార్కుల పేపరును ఉన్నచోటనే ఉంచితే మనకూ అదే ఎదురవుతుంది. మన ఇంటర్మీడియట్‌లో ప్రాక్టికల్స్‌కు వేరుగా మార్కులు ఉన్నా, అక్కడ అందరికీ దాదాపు నిండుగా పడుతుండటం తెలిసినదే. చేతిపనికి మార్కులు పెట్టడం ఒక్కటే చాలదన్నమాట. ఆ పనిని ఎవరు చూస్తున్నారన్నది తేలాలి.

ఊరి ముందర చూపాలి

అందుచేత ఇంటర్నల్ మార్కులు రద్దు చేయడం కన్న, వాటిని రిజిస్టరులోంచి వెలుతురులోకి తేవడం మేలని ఈ విలేఖరి అభిప్రాయం. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ మన పల్లెలకు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఆ పద్ధతిలో మస్టర్లను గ్రామసభలో చదువుతారు. ఫలానా ఆయన అన్ని రోజులు పని చేశాడా అంటే పక్కనున్నవాడే చెబుతాడు. పిల్లల ప్రాజెక్టుకు కూడా ఇటువంటి చూపు ఉండాలి. ఎఫ్.ఎ. మార్కులు నమోదు చేసేముందు ఒక పూట పిల్లలు తమ పనిని తల్లిదండ్రుల ఎదుట పెట్టి, తమ మాటల్లో చెప్పాలి. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉండనే ఉన్నాయి. చదువురాని తల్లి కూడా, "ఏ బావి నీళ్లు చూసినవు బిడ్డా? ఎన్నిసార్లు చూసినవు?" అని అడగగలదు. జిరాక్సు షాపు ప్రాజెక్టు ఆ రెండు ప్రశ్నలకే తేలిపోతుంది.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. చదవవలసింది పని, మార్కులు కాదు. పదిమందిలో పిల్లవాడి మార్కులు చదివి చిన్నబుచ్చితే వాడు మరుసటి రోజు బడికే రాడు. పత్తి ఏరే రోజుల్లో కూలికి పోయే ఆడపిల్లలు ప్రాజెక్టు చేయలేదని సున్నా వేయడం కూడా అన్యాయమే. ఆ పిల్ల ఉన్న చేనే ప్రయోగశాల అవుతుంది. గులాబీ పురుగు కోసం పెట్టిన లింగాకర్షక బుట్టలో రాత్రికి ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో రోజూ లెక్కపెట్టి రాస్తే చాలు. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున పడితే మందు గురించి ఆలోచించాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ లెక్క ఆమె దగ్గర ఉంటే దుకాణదారు మాట మీద మందు కొట్టే నాన్నకు అది అక్కరకు వస్తుంది, ఆమెకు ఐదు మార్కులూ వస్తాయి.

సార్లకు కూడా కొంత వెసులుబాటు కావాలి. పగిలిన గాజుగొట్టాన్ని పగిలిందని రాసుకునే స్వేచ్ఛ ఒకటి. ఐదుకు మూడు వేసినా పక్క బడితో పోల్చి తిట్టని అధికారి ఒకరు. మండలంలోని సైన్సు సార్లంతా నెలకొకసారి కలిసి, ఒకరి బడి రికార్డులను మరొకరు చూసే ఏర్పాటు ఉంటే ఆ మూడుకు ఒక అర్థం వస్తుంది. పదో తరగతి సైన్సు పేపరులో ఏటా కనీసం రెండు మూడు ప్రశ్నలు ఏ గైడులోనూ లేనివి రావడం ప్రభుత్వం చేతిలోని పని.

ఖర్చు మాట ఎత్తేవారికి ఒక సంగతి. పైన చెప్పిన పనులకు కావలసినవి పసుపు, సున్నం, నిమ్మకాయ, ఒక థర్మామీటరు, గీతల పుస్తకం. నీటి పరీక్ష కిట్టు ఊరిలో ఎవరి దగ్గర ఉందో గ్రామపంచాయతీ కార్యదర్శిని అడిగితే చెబుతారు. ప్రయోగశాల బీరువా తాళంచెవి ఎక్కడుందో మాత్రం బడిలో అడగాలి.